ఆదివారం తరగతికి జనం ఎందుకు తగ్గారు?

ప్రశ్న: నిత్యజీవితంలో నీతిగా మసలుకోవడం ఎలాగన్న అంశం మీద మా అపార్ట్‌మెంట్ సంఘం తరఫున పెద్దలకు ఆదివారం సాయంత్రాలు తరగతులు మొదలుపెట్టాం. సత్యం, ఓర్పు, కృతజ్ఞత అంటూ వారానికొక విషయం తీసుకున్నాం. మొదటి వారం ముప్ఫై మంది వచ్చారు. నాలుగో వారానికి ఆరుగురం మిగిలాం, అందులో ఇద్దరం నేనూ మా ఆవిడానే. వయోజన విద్య అంటే అక్షరాలు దిద్దించడం కదా, పెద్దవాళ్లకు నీతులు చెప్పడమేమిటని కొందరు వెక్కిరిస్తున్నారు. లోపం ఎక్కడుంది?
– ఒక విశ్రాంత ఉద్యోగి, మల్కాజిగిరి

సమాధానం: వెక్కిరింపు సంగతి ముందు తేల్చేద్దాం. 1978 అక్టోబరు 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమం మొదలైనప్పుడే అక్షరాస్యతతోపాటు బతుకుతెరువుకు పనికొచ్చే నైపుణ్యాన్నీ, సామాజిక చైతన్యాన్నీ అందులో చేర్చారు కనుక, మీరు చేస్తున్నది వయోజన విద్య కాదనడానికి వీల్లేదు. అయితే నీతులు 'చెప్పడం' మీద వారికున్న విసుగు మాత్రం న్యాయమైనదే. ఓర్పు గురించి గంటసేపు వినదలచినవారికి టీవీలో ప్రవచనాలకు కొదవ లేదు.

గుణాన్ని వదిలి సంఘటనను పట్టుకోండి. వంటింట్లో గాజు గ్లాసు జారి పగిలిందనుకుందాం. ముక్కలను ఎత్తి, కూరగాయల తొక్కలున్న కవరులోనే పడేసి, ముడివేసి గుమ్మం బయట పెడతాం. పొద్దున స్వచ్ఛ ఆటో దగ్గర ఆ కవరును విప్పి, తడి చెత్తనూ పొడి చెత్తనూ చేత్తో వేరుచేసే మనిషికి లోపల గాజు ఉందని తెలిసేది వేలు తెగిన తరువాతే. చెత్తను ఇంట్లోనే వేరుచేసి ఇవ్వవలసిన బాధ్యత ఇంటివారిదేనని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు చెప్పాయి. ఆ నియమం చదివి వినిపించడం కన్నా, పగిలిన గ్లాసునూ ఒక పాత దినపత్రికనూ బల్ల మీద పెట్టి, ముక్కలను నాలుగు మడతల కాగితంలో చుట్టి, దారంతో కట్టి, పైన 'గాజు' అని రాసి చూపించడం మేలు. మన నగరంలో ఆ పనిచేసే అందరూ తెలుగు చదవలేరు కాబట్టి, ఎర్ర సిరాతో ఒక గుర్తు కూడా వేయండి. ఆ రోజు ఆటో తెచ్చే వ్యక్తిని పిలిచి, కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఆయన చేతులకు ఏమేమి తగులుతుంటాయో ఆయన నోటనే చెప్పించండి.

మీ ఉత్తరం చూస్తే వచ్చినవారంతా ఫ్లాట్ల యజమానులేనని తోస్తున్నది. పనికి వచ్చే ఆమె జ్వరంతో నాలుగు రోజులు రాకపోతే జీతం కోయవచ్చునా, వాచ్‌మన్‌ను సొంత పనులకు తిప్పడానికి హద్దెక్కడ, మంజీరా నీళ్లు వదిలిన గంటలో ఎవరు ఎంత పట్టుకోవాలి – ఇవి ఆ పనివారు లేకుండా తేలే విషయాలు కావు. వారి తీరిక వేళ కనుక్కొని తరగతి సమయం మార్చండి.

ప్రశ్న: ఇలా సంఘటనలు తీసుకుంటే పేర్లు బయటపడి గొడవలు రావా?
– ఒక గృహిణి, దిల్‌సుఖ్‌నగర్

సమాధానం: ఇరుగుపొరుగువారి తప్పుతో మొదలుపెడితే తప్పక వస్తాయి. అందుకే మొదటి వారం చర్చకు పెట్టే తప్పు నిర్వాహకులదే కావాలి. 'పనివారు లిఫ్టు వాడరాదు' అన్న బోర్డు మీ భవనంలో ఉంటే, దాన్ని తగిలించింది సంఘమే కనుక, అక్కడినుంచి మొదలుపెట్టవచ్చు.