స్కాన్‌లో సంచి ఒక్కటే కనిపించింది... గర్భం పోయినట్టేనా?

ప్రశ్న: నా వయసు 25. మాది పి.గన్నవరం దగ్గర లంక గ్రామం. నాకు నెలసరి 35 రోజులకోసారి వస్తుంది. ఈసారి రాలేదు, టెస్ట్ పాజిటివ్ వచ్చింది. 40వ రోజున లోపలి నుంచి స్కాన్ చేసి, 4 మిల్లీమీటర్ల సంచి ఉంది, బిడ్డ కనిపించలేదు అన్నారు. అంతకు రెండు వారాల ముందు గట్టు రోడ్డు గోతుల్లో బైకు మీద పాలకొల్లు పెళ్లికి వెళ్లొచ్చాను. ఆ కుదుపులకే పోయిందని ఇంట్లో అంటున్నారు. నిజమేనా?

జవాబు: కాదమ్మా. మీరు రాసినదాంట్లో గర్భం పోయిందనడానికి ఆధారమేమీ లేదు. తేడా అంతా ఆ 35 రోజుల దగ్గరే ఉంది. గర్భం వయసును చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కేస్తారు. 28 రోజులకు వచ్చేవాళ్లకు ఆ లెక్క సరిపోతుంది. మీకు అండం విడుదలయ్యేదే 21వ రోజు ప్రాంతంలో. కాబట్టి స్కాన్ నాటికి పిండం వయసు సుమారు 19 రోజులు. గుండె కొట్టుకోవడం మొదలయ్యేది 22వ రోజు అటూఇటూగా. అది స్కాన్‌కు అందాలంటే ఇంకొన్ని రోజులు పడుతుంది.

ఇక బైకు సంగతి. అండం, వీర్యకణం కలిసేది గర్భసంచిలో కాదు, ఫాలోపియన్ ట్యూబులో. అక్కడ ఒక కణం రెండై, నాలుగై, మూడో రోజుకు ఎనిమిది దాకా అయి, మెల్లగా గర్భసంచి వైపు జరుగుతుంది. అయిదో రోజుకు లోపల నీరు చేరి బోలుగా తయారవుతుంది. ఒక పక్కకు చేరిన కణాల ముద్ద నుంచి బిడ్డ, పైపొర నుంచి మాయ ఏర్పడతాయి. గర్భసంచి గోడకు అతుక్కోవడం ఆరో, ఏడో రోజున మొదలవుతుంది. మీరు పెళ్లికి వెళ్లేసరికి అది ఆవగింజలో పదోవంతు ఉంటుందేమో, బహుశా ఇంకా అతుక్కోనే లేదు. గోతుల్లో బండి ఎగిరితే జారిపోయేది కాదది. తొలి వారాల్లో పోయే గర్భాల్లో దాదాపు సగం క్రోమోజోముల తేడా వల్లే పోతాయి. అందులో తల్లి చేసిన తప్పేమీ ఉండదు. ఇంట్లోవాళ్లకు ఈ మాట చదివి వినిపించండి.

రెండు వారాలాగి మళ్లీ స్కాన్ చేయించుకోండి. ఈలోగా టెన్షన్‌తో రోజుకో టెస్ట్ చేసుకోకండి. ఫోలిక్ యాసిడ్ మాత్రం వాడకపోతుంటే ఇవాళే మొదలుపెట్టండి, రోజుకు 400 మైక్రోగ్రాములు. బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం పిండం వయసు 28 రోజులు వచ్చేసరికల్లా మూసుకుపోతుంది. మాత్రలు మీ ఏఎన్‌ఎమ్ దగ్గర దొరుకుతాయి.

ఒక్క జాగ్రత్త. సంచిలో ఇంకేమీ కనిపించనంత వరకు, గర్భం ట్యూబులో ఉందేమోనన్న అనుమానం పూర్తిగా తీరదు. పొత్తికడుపులో ఒక పక్క గట్టిగా నొప్పి, రక్తస్రావం, కళ్లు తిరగడం, భుజం నొప్పి, వీటిలో ఏది వచ్చినా తెల్లారేదాకా ఆగకండి, 108కి ఫోన్ చేయండి. వరద రోజుల్లో రాత్రిపూట పడవ దొరకదు కదా, స్కాన్ అయ్యేదాకా గట్టుకు ఇవతల, అంబులెన్స్ ఇంటిదాకా రాగల చోట బంధువుల ఇంట్లో ఉండండి.