అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ఓటరును నిజంగా కదిలించేది ఏది?

టీవీ చర్చలు, భారీ సభలు, కోట్ల డాలర్ల ప్రకటనలు... వీటిలో అమెరికా అధ్యక్ష ఎన్నికను మలుపు తిప్పేది ఏదని అడిగారు. 2024లో జార్జియా రాష్ట్రంలో, అట్లాంటా శివార్లలో ఒక అభ్యర్థి తరఫున వాలంటీరుగా ఇంటింటికీ తిరిగాను. ఏ పార్టీ అన్నది ఈ ప్రశ్నకు అవసరం లేదు.

ముందు లెక్క చూడండి. గెలుపును నిర్ణయించేవి రాష్ట్రాలవారీగా కేటాయించిన ఎలక్టోరల్ ఓట్లు, మొత్తం 538లో 270 కావాలి. రెండు రాష్ట్రాలు మినహా అన్నిచోట్లా జనం ఓట్లలో ఒక్కటి ఆధిక్యం వచ్చినా ఆ రాష్ట్రపు ఎలక్టోరల్ ఓట్లన్నీ ఆ అభ్యర్థివే. 2020లో కాలిఫోర్నియాలో బైడెన్‌కు 50 లక్షలకు పైగా ఆధిక్యం వచ్చింది, జార్జియాలో వచ్చింది 11,779 మాత్రమే. మరుసటి ఎన్నికలో డబ్బు, మనుషులు, అభ్యర్థి సమయం ఎటు వెళ్తాయో వేరే చెప్పాలా? 1960లో అధ్యక్ష అభ్యర్థి నిక్సన్ 50 రాష్ట్రాలూ తిరుగుతానని మాటిచ్చి, పోలింగ్‌కు రెండు రోజుల ముందు అలాస్కా వెళ్లారు. అలాస్కా గెలిచారు, ఎన్నిక ఓడిపోయారు.

ఇక ఓటరు సంగతి. బయటి నుంచి చూస్తే ప్రచారమంటే అవతలి పార్టీ వాళ్ల మనసు మార్చడం అనిపిస్తుంది. మాకు ఫోనులో ఇచ్చిన జాబితా చూశాక ఆ అభిప్రాయం పోయింది. అందులో ప్రతి ఇంటి ఓటర్ల పేర్లు, వయసు, గతంలో ఏయే ఎన్నికల్లో ఓటు వేశారన్నది ఉంటాయి (ఎవరికి వేశారన్నది రహస్యమే). మమ్మల్ని పంపినవి ఎక్కువగా మా వైపు మొగ్గు ఉండి కూడా ఓటుకు వెళ్లే అలవాటు లేనివారి ఇళ్లకే. గట్టి ప్రత్యర్థుల తలుపు తట్టమని ఎవరూ చెప్పలేదు.

ఒక ఇంట్లో కొడుకు తలుపు తీసి, "నేను వేస్తాను, అమ్మ మాత్రం రాదు" అన్నారు. ఆవిడకు పౌరసత్వం వచ్చాక ఇదే మొదటి అధ్యక్ష ఎన్నిక. వెనక నుంచి ఆవిడే తెలుగులో, "ఇంగ్లీషు చదవలేను బాబూ, అక్కడికి వెళ్లి ఏం చేయను?" అన్నారు. చదవలేని ఓటరు తనకు నచ్చిన మనిషిని సాయానికి లోపలికి తీసుకెళ్లవచ్చని సమాఖ్య చట్టమే చెబుతోంది. యజమాని, యూనియన్ ప్రతినిధి తప్ప ఎవరైనా ఫరవాలేదు. "అమ్మా, మీ అబ్బాయిని పక్కన ఉంచుకుని వేయవచ్చు" అనగానే ఆవిడ ముందుకొచ్చారు. ముందస్తు ఓటింగ్‌లో కౌంటీలోని (మన జిల్లా లాంటిది) ఏ కేంద్రానికైనా వెళ్లవచ్చని కొడుక్కీ తెలియదు. శనివారం ఉదయం వెళ్తామని అక్కడే నిర్ణయించుకున్నారు. మా అభ్యర్థి విధానాల గురించి నేను ఒక్క ముక్క మాట్లాడలేదు. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎవరితో వెళ్తారని అడగడమే మాకు నేర్పిన ముఖ్యమైన పాఠం.

చర్చలు వృథా అనను. 2024 జూన్ చర్చ తర్వాత బైడెన్ పోటీ నుంచే తప్పుకోవాల్సి వచ్చింది. కానీ అలాంటివి అరుదు. ప్రకటనలైతే, ఒకే టీవీలో ఇరుపక్షాలవీ వరసగా వస్తుంటే జనం విసుగెత్తి కట్టేయడం చాలా ఇళ్లలో చూశాను.

నన్ను బాధించేది ఒకటుంది. కాలిఫోర్నియాలోనో టెక్సస్‌లోనో ఉండే మిత్రుల తలుపు అధ్యక్ష ఎన్నికలో ఎవరూ తట్టరు. వాళ్లవీ ఓట్లే. గెలుపు లెక్క అలా ఉన్నంతకాలం ఏ వ్యూహకర్తా వాళ్ల దగ్గరకు రాడు, అది అన్యాయమనే నా అభిప్రాయం.

మీరూ దగ్గరగా చూడాలనుకుంటే పౌరసత్వం ఉండక్కర్లేదు. వీసాపై ఉన్నవారు జీతం తీసుకోకుండా వాలంటీరుగా పని చేయవచ్చు. విరాళం మాత్రం గ్రీన్‌కార్డో పౌరసత్వమో ఉంటేనే ఇవ్వాలి, లేకుండా ఇస్తే నేరం.