లీగ్ మారేముందు లైట్లు చూసుకోండి: స్కాట్లాండ్ చిన్న క్లబ్బుల మీద మీ ప్రశ్నలు

స్కాట్లాండ్‌లో కింది అంచెల ఫుట్‌బాల్ క్లబ్బులు ఉన్న లీగ్ వదిలి వేరే లీగ్‌లో చేరడం మీద ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: స్కాట్లాండ్‌లో ‘జూనియర్’ క్లబ్బులు సీనియర్ లీగులకు మారుతున్నాయని చదివాను. జూనియర్ అంటే కుర్రాళ్ల జట్లా? అవి పెద్దవాళ్లతో ఎలా ఆడతాయి? (విజయవాడ)

వయసుకూ ఆ మాటకూ సంబంధం లేదు. అక్కడ జూనియర్ అంటే సీనియర్ లీగుల వ్యవస్థలో లేని క్లబ్బు, అంతే. ముప్పై ఐదేళ్ల డిఫెండరూ జూనియర్ ఆటగాడే. ఈ క్లబ్బులకు 1886 నుంచి సొంత సంఘం ఉంది, సొంత కప్పు ఉంది. బొగ్గుగని ఊళ్లకు, మిల్లు ఊళ్లకు జూనియర్ కప్పంటే ప్రాణం. 1951లో పీటర్స్‌హిల్, అర్వైన్ మెడో తలపడిన ఫైనల్‌కు గ్లాస్గోలోని హాంప్డెన్ పార్కు స్టేడియానికి 77,650 మంది వచ్చారు. లీగ్ మార్పు మీద అక్కడి కమిటీ గదుల్లో గొంతులు ఎందుకు లేస్తాయో ఆ అంకెను బట్టే అర్థమవుతుంది.

చిక్కల్లా ఒక్కటే, పైకి మెట్లు ఉండేవి కావు. జూనియర్లలో ఎన్నిసార్లు గెలిచినా మరుసటి ఏడాది మళ్లీ అదే లీగ్. అకిన్‌లెక్ టాల్బట్ ఆ కప్పును 14 సార్లు గెలిచింది, ఎవరికీ అన్ని లేవు. 2007 నుంచి జూనియర్ కప్ విజేతనూ కొందరు లీగ్ విజేతలనూ స్కాటిష్ కప్‌లోకి రానిస్తున్నారు. ఆ దారినే వచ్చి టాల్బట్ 2019 జనవరిలో అయర్ యునైటెడ్‌ను 1-0తో ఓడించింది. అంత సత్తా ఉండి కూడా అప్పట్లో లీగ్‌లో ఒక్క మెట్టు ఎక్కే వీలు లేకపోయింది.

ప్రశ్న: మరి అందరూ ఒక్కసారిగా ఎందుకు కదిలారు? (వరంగల్)

మెట్లు కట్టారు కాబట్టి. 2013లో దక్షిణాది క్లబ్బులకు లోలాండ్ లీగ్ పుట్టింది, ఉత్తరాన అప్పటికే ఉన్న హైలాండ్ లీగ్‌తో కలిసి ఐదో అంచె అయింది. 2014-15 నుంచి హైలాండ్ విజేత, లోలాండ్ విజేత రెండు మ్యాచ్‌లలో తేల్చుకోవడం, గెలిచినవాళ్లు పై నాలుగు అంచెల 42 క్లబ్బుల్లో ఆఖరి క్లబ్బుతో మళ్లీ రెండు మ్యాచ్‌లు ఆడడం మొదలైంది. వీటినే ప్లేఆఫ్ అంటారు. ఆ దారి నడిచి చూపించింది కెల్టీ హార్ట్స్. ఫైఫ్‌లోని ఆ జూనియర్ క్లబ్బు 2017లో లోలాండ్ కిందనున్న ఈస్ట్ ఆఫ్ స్కాట్లాండ్ లీగ్‌కు మారింది, మొదటి సీజన్‌లోనే గెలిచి లోలాండ్‌కు చేరింది. 2021లో బ్రోరా రేంజర్స్‌నూ ఆ తర్వాత బ్రెకిన్ సిటీనీ దాటుకుని నాలుగో అంచె అయిన లీగ్ టూలో అడుగుపెట్టింది, మరుసటి ఏడాది దాన్నీ గెలిచింది.

కెల్టీ వెళ్లిన మరుసటి వేసవికే, 2018లో, తూర్పు జూనియర్ క్లబ్బులు వరసకట్టాయి. ఈస్ట్ లీగ్ 39 క్లబ్బులకు పెరిగి, పదమూడేసి చొప్పున మూడు భాగాలుగా ఆడాల్సి వచ్చింది. 2020లో పశ్చిమ జూనియర్ క్లబ్బులన్నీ కలిసి వెస్ట్ ఆఫ్ స్కాట్లాండ్ లీగ్‌గా మారాయి. 2021లో డండీ, ఆంగస్ వైపు క్లబ్బులకు మిడ్‌లాండ్స్ లీగ్ వచ్చింది.

ఇదంతా పైకెక్కాలనే ఆశతోనే జరిగిందనుకుంటే పొరపాటు. మీ జిల్లాలో 20 క్లబ్బులుంటే, అందులో ఎనిమిది వెళ్లిపోతే, మిగిలిన పన్నెండింటికి లీగే పలచనవుతుంది. పక్క ఊరితో ఆడే మ్యాచ్ పోతుంది. గేటు దగ్గర వచ్చే డబ్బులో పెద్ద వాటా అలాంటి నాలుగైదు మ్యాచ్‌లదే. అందుకే చివర్లో కదిలిన క్లబ్బులు చాలామటుకు పక్క ఊరి వెంట పోయినవే. అందులో తప్పేమీ లేదు, చిన్న క్లబ్బుకు అంతకన్నా గట్టి కారణం ఉండదు.

ప్రశ్న: గ్లాస్గోలో చదువుకుంటూ వారాంతాల్లో ఒక చిన్న క్లబ్బుకు లెక్కలు చూసిపెడుతున్నాను. లీగ్ మారాలని కమిటీలో చర్చ మొదలైంది. ఏ పని ముందు, ఏది తర్వాత? (గ్లాస్గో)

ముందు క్లబ్బు నియమావళి తీసి చదవండి. లీగ్ మార్పును కమిటీయే నిర్ణయించవచ్చా, సభ్యుల సర్వసభ్య సమావేశం కావాలా, దానికి ఎన్ని రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, సగం ఓట్లు చాలా, మూడింట రెండు వంతులు కావాలా అన్నది అందులోనే ఉంటుంది. నోటీసు రెండు రోజులు తగ్గినా, మార్పు ఇష్టంలేని సభ్యుడొకరు తీర్మానం చెల్లదని లేస్తే సీజన్ చేజారుతుంది.

తర్వాత ఉన్న లీగ్ రూల్ పుస్తకంలో రాజీనామా గడువు, వెళ్లబోయే లీగ్ పుస్తకంలో దరఖాస్తు గడువు పక్కపక్కన రాసుకోండి. ఇక్కడే ఎక్కువమంది కాలుజారతారు. కొత్త లీగ్ సాధారణంగా సీజన్ ముగిశాక వార్షిక సమావేశంలో ఓటేసి చేర్చుకుంటుంది. పాత లీగ్ అంతకు ముందే రాజీనామా అడగవచ్చు. మధ్యలో కొన్ని వారాలు మీరు ఎక్కడా లేని క్లబ్బు. ఓటు పడక ముందే రాజీనామా చేసి, అక్కడ ఓటు పోతే ఆ ఏడాది ఆటే లేదు. అందుకని పాత లీగ్ కార్యదర్శితో ముందే నోటితో మాట్లాడి, ‘చేర్చుకుంటేనే అమలు’ అనే షరతుతో రాజీనామా తీసుకుంటారా అడగండి. తీసుకుంటామంటే ఆ మాట ఉత్తరంలో రాయించుకోండి.

మూడోది ఆటగాళ్లు. ఎవరు ఏ ఫారం మీద, ఏ తేదీ దాకా మీ క్లబ్బుకు కట్టుబడి ఉన్నారో పట్టిక వేయండి. సంఘం మారితే రిజిస్ట్రేషన్ మళ్లీ చేయాల్సి వస్తే, గడువు తీరినవాళ్లు పక్క క్లబ్బుకు పోవచ్చు. గోల్‌కీపరూ, గోల్స్ కొట్టే స్ట్రైకరూ ఒకే నెలలో వెళ్లిపోయారని ఆగస్టులో తెలిస్తే చేయగలిగిందేమీ ఉండదు. ఓటింగ్‌కు ముందే లెక్కపెట్టండి.

నాలుగోది మైదానం కాగితం. చాలా మైదానాలు కౌన్సిల్‌వి. లీజు ఎన్నేళ్లు మిగిలింది, అందులో స్తంభాలు, కంచె, స్టాండు కట్టుకోనిస్తారా చూడండి. లైసెన్సుకు వెళ్లిన రోజున మైదానం మీదో, లీజుకు తీసుకున్నదో రుజువు అడుగుతారు.

అన్నిటికన్నా ముఖ్యం, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలుసుకోవడం. వెస్ట్ లీగ్‌లో ప్రీమియర్ కింద ఇంకో నాలుగు డివిజన్లు ఏర్పడ్డాయి. కొత్తగా వచ్చేవాళ్లు అడుగున చేరతారు. సౌత్ ఆఫ్ స్కాట్లాండ్ లీగ్‌కు ఒకటే డివిజన్, అది ఆరో అంచెలో ఉంటుంది. అక్కడి నుంచి వెస్ట్ అడుగుకు వస్తే కాగితం మీద నాలుగు మెట్లు దిగినట్టే. అయినా కిల్మార్నాక్‌లోని బానిటన్ థిసిల్ 2020లో సౌత్ నుంచి వెస్ట్‌కు వచ్చింది. చుట్టుపక్కల ఊళ్లన్నీ వెస్ట్‌లో ఉంటే, ప్రతి రెండో శనివారం నైరుతి మూలనున్న గాలోవే రోడ్లు పట్టడం కన్నా అదే నయం. మెట్ల సంఖ్య చూసి మోసపోవద్దు, ఇంటికి ఎన్ని గంటలకు చేరతారో చూడండి.

ప్రశ్న: లీగ్ గెలిచినా లైసెన్సు లేకపోతే పైకి పోనివ్వరట, నిజమేనా? (కర్నూలు)

నిజమే. 2024లో బకీ థిసిల్ హైలాండ్ లీగ్ గెలిచింది, ప్లేఆఫ్‌కు కావలసిన కాంస్య స్థాయి లైసెన్సు లేక ఆడలేకపోయింది. లోలాండ్ విజేత ఈస్ట్ కిల్‌బ్రైడ్ ఆ మ్యాచ్‌లు ఆడకుండానే నేరుగా చివరి పోరుకు వెళ్లింది. సీజన్ మొత్తం కష్టపడి గెలిచిన జట్టుకు అంతకన్నా గుండె కోత ఉండదు.

స్కాటిష్ ఫుట్‌బాల్ సంఘం లైసెన్సుకు నాలుగు స్థాయిలున్నాయి: ప్రవేశ స్థాయి, కాంస్యం, వెండి, బంగారం. ఆరో అంచె నుంచి లోలాండ్‌కో హైలాండ్‌కో పోవాలన్నా మొదటిది ఉండాలి. మైదానం చుట్టూ కంచె, ఆటగాళ్లకూ జనానికీ మధ్య కమ్మీ, రెండు జట్లకూ రిఫరీలకూ వేరువేరు గదులు, వైద్య ఏర్పాట్లు, పిల్లల రక్షణ నియమాలు, తనిఖీ చేసిన లెక్కలు అన్నీ చూస్తారు. కాగితం పనుల్లో ఆలస్యమయ్యేది పిల్లలతో పనిచేసే కోచ్‌ల నేపథ్య తనిఖీ. ఒక్కొక్కరిది విడివిడిగా రావాలి గనుక అందరివీ ఒకేసారి పంపండి.

ప్రశ్న: అన్నిటికన్నా ఫ్లడ్‌లైట్లే కష్టమంటారు. ఎందుకు? (గుంటూరు)

డబ్బు, అనుమతి, కరెంటు, కొలత, నాలుగూ ఒకదాని మీద ఒకటి ఆధారపడతాయి కాబట్టి. స్తంభాలకు కౌన్సిల్ ప్లానింగ్ అనుమతి కావాలి, పక్క ఇళ్లవాళ్లు వెలుతురు కిటికీల్లో పడుతుందని అభ్యంతరం చెబుతారు. మైదానానికి వచ్చే కరెంటు లైను చాలకపోతే కరెంటు కంపెనీ కొత్త లైను వేయాలి. ఆ దరఖాస్తు మిగతావాటికన్నా ముందు పెట్టాలి. స్తంభాలు నిలబెట్టి, లైను కోసం చలికాలమంతా కాచుక్కూర్చునే పరిస్థితి తెచ్చుకోవద్దు.

కొలత గురించి వివరంగా చెప్పాలి. తనిఖీ అధికారి మధ్యలో నిలబడి ‘బాగుంది’ అనడు. మీరూ ముందే కొలుచుకోండి. చీకటి పడ్డాక పది మీటర్లకొకటి చొప్పున మైదానమంతా కోన్లు పెట్టండి. పాత మెటల్ హాలైడ్ దీపాలైతే వేసిన వెంటనే కొలవద్దు, పూర్తి వెలుగుకు రావడానికి పావుగంట దాకా పడుతుంది. వెలుతురు కొలిచే లక్స్ మీటరును ఆకాశం వైపు సమతలంగా పట్టుకుని, కొలిచేవాళ్ల నీడ దాని మీద పడకుండా, ఒక్కో కోన్ దగ్గర అంకె రాసుకోండి. అన్నీ కూడి సగటు తీయండి, తర్వాత అన్నిటికన్నా తక్కువ అంకెను సగటుతో భాగించండి. సగటు 150 వచ్చి, కార్నర్ జెండా దగ్గర 45 ఉంటే నిష్పత్తి 0.3. సగటు ఎంత బాగున్నా ఆ మూల నల్లగా ఉన్నట్టే. ఎంత ఉండాలన్నది ఆ ఏడాది లైసెన్సు పుస్తకంలో చూసి పోల్చుకోండి.

మూలలు ఎందుకు చీకటవుతాయి? గాలికి దీపం తల రెండు మూడు డిగ్రీలు తిరుగుతుంది. గాజు మీద మురికి పేరుకుంటుంది. హాలైడ్ బల్బు వెలుగుతూనే ఏటేటా మసకబారుతుంది. గాజు తుడిచి, తలలు సరిచేసి మళ్లీ కొలిచాకే కొత్త బల్బుల సంగతి చూడండి. ఇంకొకటి, మ్యాచ్ మధ్యలో కరెంటు పోయి వస్తే హాలైడ్ దీపం వేడి దిగేదాకా వెలగదు. పది పదిహేను నిమిషాలు ఆట ఆగుతుంది. ఎల్‌ఈడీకి ఆ ఇబ్బంది లేదు. కొత్తగా వేయించేవాళ్లు ఎల్‌ఈడీయే వేయించుకోవాలి.

ప్రశ్న: మేముండేది డండీలో. ఇక్కడి క్లబ్బులు గెలిస్తే హైలాండ్‌కు పోవాలంటారు, 35 కిలోమీటర్ల దూరంలోని పెర్త్ క్లబ్బులేమో ఈస్ట్ లీగ్‌లో ఆడి లోలాండ్ వైపు చూస్తాయి. ఇదేం లెక్క? (డండీ)

గీత గీసిన చోటు అది. టే రోడ్డు వంతెన మధ్య బిందువు, 56.4513 డిగ్రీల ఉత్తర అక్షాంశం. 2025 నాటి పద్ధతిలో దానికి పైనున్నవాళ్లు హైలాండ్, కిందివాళ్లు లోలాండ్. డండీ ఆ గీతకు ఇటు, పెర్త్ అటు. అందుకే పెర్త్‌లోని జీన్‌ఫీల్డ్ స్విఫ్ట్స్ ఈస్ట్ లీగ్‌లో ఉంది, డండీలోని లాకీ యునైటెడ్ మిడ్‌లాండ్స్‌లో ఉంది.

హైలాండ్‌లో 18 క్లబ్బులు, అంటే బయట 17 మ్యాచ్‌లు. ఉత్తరపు కొసన విక్ అకాడమీ ఉంది. ఇన్వర్‌నెస్ నుంచి విక్‌కే 165 కిలోమీటర్లు. డండీ నుంచి అయితే నాలుగు వందలకు కాస్త తక్కువ, పోనూ రానూ ఎనిమిది వందలు. ఆటగాళ్లందరూ వారమంతా వేరే ఉద్యోగాలు చేసేవాళ్లే. శనివారం పొద్దున్నే బస్సెక్కి రాత్రి పొద్దుపోయాక దిగాలి. డండీ క్లబ్బు హైలాండ్ వద్దనుకుంటే దాన్ని పిరికితనం అనకూడదు. ఓటింగ్‌కు ముందు కమిటీ చేయాల్సింది, 17 ఊళ్ల దూరాలు కూడి, బస్సు అద్దెతో గుణించి, ఆ కాగితం సభ్యుల ముందు పెట్టడం.

ప్రశ్న: మన హైదరాబాద్ క్లబ్బు శ్రీనిధి డెక్కన్ నేరుగా మన దేశంలో రెండో అంచె అయిన ఐ-లీగ్‌లోకి వచ్చింది కదా. స్కాట్లాండ్‌లో అలా కుదరదా? (హైదరాబాద్)

కుదరదు. శ్రీనిధి 2021-22లో నేరుగా ప్రవేశం పొంది, తర్వాత రెండు సీజన్లు వరసగా రెండో స్థానంలో నిలిచింది. స్కాట్లాండ్‌లో వెస్ట్ లీగ్ నుంచి వచ్చే క్లబ్బు ముందు తూర్పు, దక్షిణ విజేతలతో తేల్చుకోవాలి, లోలాండ్ గెలవాలి, హైలాండ్ విజేతను ఓడించాలి, చివరికి లీగ్ టూ అడుగు జట్టును దించాలి. 2025 వరకూ నడిచిన పద్ధతి ఇది. పెద్ద క్లబ్బుల బి జట్లు మాత్రం పక్క తలుపులోంచి లోలాండ్‌లోకి వచ్చాయి, 2021లో రేంజర్స్, సెల్టిక్, మరుసటి ఏడాది హార్ట్స్. వాటికి పైకెళ్లే హక్కు లేదు. ఊరి క్లబ్బుల చోటు వాటికివ్వడం మాకు నచ్చదు.

ప్రశ్న: మైదానం కాస్త ఏటవాలుగా ఉంటే పాయింట్లు కోస్తారా? (తిరుపతి)

కోశారు. బానీరిగ్ రోజ్ 2018లో జూనియర్లు వదిలి, 2022లో లీగ్ టూకి చేరిన క్లబ్బు. దాని మైదానం న్యూ డండాస్ పార్కు కళ్లకు కనిపించేంత వాలి ఉంటుంది. బంతి వదిలేస్తే దొర్లుతుంది. లీగ్ నిబంధనకు ఆ వాలు కుదరలేదని 2024-25లో ఆరు పాయింట్లు తీసేశారు. ఆ సీజన్ చివర ప్లేఆఫ్‌లో ఈస్ట్ కిల్‌బ్రైడ్ చేతిలో ఓడి బానీరిగ్ దిగిపోయింది. ఏళ్ల తరబడి ఆడుకున్న నేల మీద ఇలా జరగడం బాధగా ఉంటుంది.

కింది లీగుల్లో ఎవరూ పట్టించుకోని వాలు పైన నిబంధన అవుతుంది. పై మెట్టు మీద కన్నున్న క్లబ్బు ఇప్పుడే సర్వేయరును పిలిపించి, నాలుగు మూలలూ, మధ్య గీత రెండు కొసలూ, సెంటర్ స్పాటూ లెవెల్ పెట్టి కొలిపించాలి. తేడా ఎక్కువుంటే మట్టి కోసి నింపాలి, దానితో నేల కింది నీటి గొట్టాలు కూడా మళ్లీ వేయాలి. గడ్డి పాతుకునేదాకా వేరే క్లబ్బు మైదానంలో ఆడాలి. కాబట్టి ఆ క్లబ్బుతో ఒప్పందం రాసుకున్నాకే యంత్రం దించండి.