‘జిందగీ నా మిలేగీ దొబారా’లో నాకు దగ్గరైన కథ కబీర్‌ది

మనసు తేలికపడేలా చేసే, స్నేహితుల ప్రయాణం మీద వచ్చిన హిందీ సినిమా ఒకటి చెప్పమన్నారు, ఎందుకు నచ్చిందో కూడా రాయమన్నారు. నేను ‘జిందగీ నా మిలేగీ దొబారా’ పేరే చెబుతాను. 2011 జులైలో వచ్చింది. జోయా అఖ్తర్ దర్శకురాలు, రీమా కాగ్తీతో కలిసి కథ రాసుకున్నారు.

కథ చిన్నదే. కబీర్‌కి పెళ్లి కుదురుతుంది. పెళ్లికి ముందు ఇద్దరు పాత స్నేహితులతో, అంటే లండన్‌లో డబ్బు సంపాదనలో మునిగిపోయిన అర్జున్‌తో, సరదాగా కనిపించే ఇమ్రాన్‌తో కలిసి స్పెయిన్‌లో మూడు వారాలు కారులో తిరుగుతాడు. ఒక్కొక్కరు ఒక్కో సాహసక్రీడ ఎంచుకోవాలి, మిగతా ఇద్దరూ నోరెత్తకుండా చెయ్యాలి. అభయ్ డియోల్, హృతిక్ రోషన్, ఫర్హాన్ అఖ్తర్ వరుసగా ఈ ముగ్గురుగా చేశారు.

ఈ సినిమా గురించి ఎవరిని అడిగినా ముందు స్పెయిన్ అందాల గురించే చెబుతారు. అందాలు నిజమే. కానీ నన్ను మళ్లీ మళ్లీ దాని దగ్గరికి లాక్కెళ్లేది వేరు. ఆ కారులో కూర్చున్న ముగ్గురి దగ్గరా బయటికి చెప్పలేని మాట ఒకటుంది. అర్జున్ ప్రేమించిన అమ్మాయి విషయంలో ఇమ్రాన్ చేసిన ద్రోహం ఇద్దరి మధ్యా ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయింది. తనని పుట్టించిన తండ్రి స్పెయిన్‌లోనే ఉన్నాడని ఇమ్రాన్‌కి తెలుసు, వెళ్లి కలవాలంటే భయం. ఇక కబీర్‌కి ఈ పెళ్లే ఇష్టం లేదు. అమ్మ కోసం కొన్న ఉంగరాన్ని చూసి ప్రియురాలు నటాషా అది తనకే, పెళ్లికి అడుగుతున్నాడని అనుకుంది, కాదని చెప్పే ధైర్యం అతనికి రాలేదు.

మొదటిసారి చూసినప్పుడు నేను అర్జున్‌నే చూశాను. అప్పట్లో నా ఉద్యోగమూ అలాంటిదే, భోజనం మధ్యలో కూడా ఫోన్ మోగేది. నీళ్లంటే భయపడే అర్జున్ స్పెయిన్ తీరంలోని కోస్తా బ్రావాలో సముద్రం అడుగుకి దిగి, పైకొచ్చాక పడవలో మాట లేకుండా కూర్చుంటాడే, ఆ చోట నాకు కళ్లు చెమ్మగిల్లాయి. వెనకాల ఇమ్రాన్ గొంతులో కవిత వినిపిస్తుంటుంది. సినిమాలోని ఆ కవితలు రాసింది జావేద్ అఖ్తర్, చదివింది ఆయన కొడుకు ఫర్హాన్. తండ్రిని వెతుక్కునే పాత్ర నోట ఆ నటుడి సొంత తండ్రి మాటలు పలకడం నాకు ఎంతో ఇష్టమైన విషయం.

తర్వాత్తర్వాత నా చూపు కబీర్ మీదికి మళ్లింది. దానికి కారణం ఉంది. మా కాలేజీ బ్యాచ్‌లో ఒకడికి నిశ్చితార్థం అయింది. శుభలేఖలు అచ్చుకి వెళ్లాయి, కల్యాణమండపానికి అడ్వాన్స్ ఇచ్చేశారు. పెళ్లికి ముందు అందరం ఒకసారి కలుద్దామని వాడి గదిలో చేరినప్పుడు ఈ సినిమానే పెట్టుకున్నాం. అందరం నవ్వుతూ చూస్తుంటే వాడు మాత్రం సగం నుంచి మాట్లాడలేదు. కొన్నాళ్లకి పెళ్లి వద్దని ఇంట్లో చెప్పేశాడు. సినిమా చూసి చెప్పాడని నేను అనను, ఆ నిర్ణయం వాడిలో ఎప్పటినుంచో నలుగుతోంది. కానీ ముందుగా నాకు ఫోన్ చేసి, ‘కబీర్ గాడు ఆ మాట ఎలా బయటపెట్టాడ్రా?’ అని అడిగాడు.

మన ఇళ్లలో ఆ మాట చెప్పడం ఎంత కష్టమో మీకు తెలుసు. వాళ్ల నాన్నగారు చాలాకాలం వాడితో సరిగ్గా మాట్లాడలేదు. అమ్మాయి తరఫు పెద్దలు వచ్చి అడిగిన ప్రశ్నలకి వాడి దగ్గర సమాధానం లేదు, ఎందుకంటే ఆ అమ్మాయిలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఎంతో మంచి పిల్ల.

ఈ సినిమాతో నాకున్న పేచీ కూడా ఇక్కడే. నటాషాని అనుమానాల మనిషిగా చూపించారు. వీడియో కాల్‌లో లైలా (సముద్రంలో డైవింగ్ నేర్పే అమ్మాయి, అర్జున్‌కి దగ్గరయ్యేది) కనిపించిందని స్పెయిన్ దాకా వచ్చేస్తుంది. దాంతో కబీర్ వద్దనుకోవడం ప్రేక్షకుడికి తేలిగ్గా మింగుడుపడుతుంది. నటాషా మంచి అమ్మాయిగా, కబీర్‌ని అర్థం చేసుకునే మనిషిగా ఉండి, అయినా అతను వద్దనాల్సి వస్తే? ఆ సినిమా ఇంకా గొప్పగా ఉండేదని నా గట్టి నమ్మకం. కల్కి కేక్లా లాంటి నటి చేతిలో ఉండగా ఆ పాత్రని అంత తేలిగ్గా రాయాల్సింది కాదు.

ఇమ్రాన్ కథలో మాత్రం అలా తప్పించుకోలేదు. తండ్రిగా నసీరుద్దీన్ షా కాసేపే కనిపిస్తాడు. కొడుకుని కావలించుకుని ఏడవడు. తనకి కుటుంబం కన్నా బొమ్మలు వేసుకునే జీవితమే కావాలనిపించిందని ఉన్నదున్నట్టు చెబుతాడు. ఆ నిజం విని విరిగిపోయిన ఇమ్రాన్, అంతకుముందు మాటవరసకి అడిగిన క్షమాపణని ఈసారి మనస్ఫూర్తిగా అర్జున్‌ని అడుగుతాడు. చుట్టూ పెద్ద సంగీతం లేదు, పెద్ద డైలాగు లేదు. స్నేహం మీద హిందీలో నేను చూసిన మంచి సన్నివేశాల్లో అదొకటి.

పాటల్లో ‘సెన్యోరీటా’ గురించి ఒక్క మాట. మరియా దెల్ మార్ ఫెర్నాండెజ్‌తో కలిసి ఆ ముగ్గురు నటులూ సొంత గొంతులతో పాడారు. దాని నృత్యానికి నృత్యదర్శకులు బాస్కో-సీజర్‌లకి జాతీయ అవార్డు వచ్చింది.

సినిమా చూసి అదే దారిలో వెళ్లాలని ప్లాన్ వేసేవాళ్లు ఒకటి గమనించాలి. సినిమాలో ముగ్గురూ ఆడే టమాటాల పండగ బున్యోల్ అనే ఊళ్లో ఆగస్టు చివరి బుధవారం జరుగుతుంది, 2013 నుంచి దానికి టికెట్ కూడా కొనాలి. సినిమా చివర్లో వాళ్లు పాల్గొనే ఎద్దుల పరుగు పాంప్లోనా నగరంలో జులై 7 నుంచి 14 వరకు, రోజూ ఉదయం 8 గంటలకి. రెండూ ఒకే మూడు వారాల్లో కుదరవు. సినిమా కోసం టమాటాల పండగని ప్రత్యేకంగా ఏర్పాటు చేసి తీశారు. ఎద్దుల ముందు పరిగెత్తడం నిజంగా ప్రాణాపాయం, అక్కడ మనుషులు చనిపోయారు కూడా. దాన్ని తెర మీద చూసి ఊరుకోండి.

చూడాలనుకుంటే హిందీలోనే చూడండి, భాష పెద్దగా రాకపోతే సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. ఫర్హాన్ రాసిన సంభాషణల్లో ముగ్గురూ ఒకరినొకరు ఆటపట్టించుకునే తీరు డబ్బింగ్‌లో రాదు. చివర్లో పేర్లు పడుతున్నాయని లేచిపోకండి. అర్జున్, లైలాల పెళ్లి చూపించేది అప్పుడే, ఆ పెళ్లికి నటాషా కూడా వస్తుంది, సంతోషంగా, వేరే అబ్బాయితో.