సోఫా ఫోమ్‌ని తూకం వేయించండి

ప్రశ్న: మాది కాకినాడ అండీ. నాలుగేళ్ల కిందట కొన్న సోఫా సీట్లు గుంటలు పడిపోయాయి, పైన లెదర్‌లా ఉండే క్లాత్ పొరలు పొరలుగా ఊడి పిల్లల బట్టలకి అంటుకుంటోంది. చెక్క మాత్రం గట్టిగానే ఉంది. షాపాయనేమో హై డెన్సిటీ ఫోమ్, పైన వెల్వెట్ వేస్తానంటున్నాడు, మా అత్తయ్యగారేమో బూరుగు దూది పెట్టించమంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: చెక్క బాగుందన్నారు కదా, ఇంక కొత్త సోఫా జోలికి వెళ్లకండి, ఆ డబ్బు సీటు ఫోమ్ మీద పెట్టండి. ఉత్తి హై డెన్సిటీ అంటే సరిపోదండీ, నంబర్ అడగండి. ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందో అదే ఆ నంబర్, సీటుకి 40 అయితే మంచిది, 32 కంటే తగ్గొద్దు. మరి చెప్పిందే పెట్టాడని ఎలా తెలుస్తుందంటే, కవర్ తొడగకముందే తూకం వేయించండి, 24 అంగుళాల పొడవు, అంతే వెడల్పు, 4 అంగుళాల మందం ఉన్న ముక్క 40 డెన్సిటీ అయితే కిలోన్నర ఉండాలి, 32 అయితే కిలో 200 గ్రాములు, అంతకంటే తగ్గితే మాత్రం వద్దనేయండి. చేత్తో నొక్కి గట్టిగా ఉంది కదా అని ఒప్పేసుకోకండి, గట్టిదనం వేరు డెన్సిటీ వేరు, తేలిక ఫోమ్‌ని కూడా గట్టిగా తయారుచేస్తారు, అదే ముందు కుంగిపోయేది.

బూరుగు దూది సీటుకైతే వద్దు, రోజూ కూర్చుంటే అణిగి ఉండలు కడుతుంది. వీపు దిళ్లలో నింపించండి, అప్పుడప్పుడు ఎండలో వేస్తే చక్కగా పొంగుతుంది, అత్తయ్యగారి మాటా నిలబడుతుంది.

మీ క్లాత్ ఊడటానికి కారణం చాలావరకు చెమ్మే, ఆ రకం పైపూత చెమ్మకీ చెమటకీ విడిపోతుంది, సముద్రం పక్కన ఉన్నారు కాబట్టి మళ్లీ అదే వేయించకండి. వెల్వెట్ చూడ్డానికి బాగుంటుంది గానీ మీ ఎండలకి వేడి, దుమ్ము కూడా పట్టేస్తుంది. నేనైతే కాటన్ పాలిస్టర్ కలిపి కాస్త మందంగా నేసిన క్లాత్ తీసుకోమంటాను. శాంపిల్ కార్డు వెనక మార్టిండేల్ అని రాపిడి లెక్క ఉంటుంది, ఇంటికి 20,000 ఉంటే చాలు. ఉత్తి కాటన్ అయితే కుట్టించేముందు ఒకసారి తడిపి ఆరేయండి, మా ఇంట్లో అలా చెయ్యకపోతే మొదటి ఉతుకుకే కవర్లు కుంచించుకుపోయి మళ్లీ ఫోమ్‌కి ఎక్కనే లేదు.

కవర్లకి వెనకవైపు జిప్ పెట్టించండి. ఒక మీటరు క్లాత్ ఎక్కువ కొని దాచుకోండి, ఎప్పుడైనా ఒక సీటు చిరిగితే అదే రంగు మళ్లీ దొరకడం కష్టం.