జవాబు రాసేవాడి కోసం ప్రశ్న రాయి

నరసన్నపేట

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు ఢిల్లీలో ఒక లోక్‌సభ సభ్యుడి ఆఫీసులో చేరావనీ, సభలో వేసే ప్రశ్నలు తయారుచేసే పని నీకు అప్పజెప్పారనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. "అన్నయ్యా, దానికి కాస్త దారి చూపించు" అంది. నాకు తెలిసింది ఒక వైపే తల్లీ. నేను ఎప్పుడూ ప్రశ్న రాయలేదు. నీటిపారుదల శాఖలో గుమస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయ్యేదాకా శాసనసభ ప్రశ్నలకు జవాబులు రాశాను. ఏ ప్రశ్న వస్తే మా సెక్షన్‌లో నిమ్మళంగా టీ తాగేవాళ్ళమో, ఏ ప్రశ్న వస్తే రాత్రిదాకా రిజిస్టర్లు తిరగేసేవాళ్ళమో మాత్రం చెప్పగలను. నీకు కావలసింది కూడా అదే అనుకుంటాను.

శాసనసభ ప్రశ్నను మేం ఎల్.ఏ.క్యూ. అనేవాళ్ళం. అది సచివాలయం నుంచి శాఖాధిపతికి, అక్కడి నుంచి జిల్లాలో ఎస్.ఇ. (సూపరింటెండింగ్ ఇంజనీరు) ఆఫీసుకి, తర్వాత ఈ.ఈ.కి (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు), చివరికి ఏ.ఈ. (అసిస్టెంట్ ఇంజనీరు) బల్ల మీదికి దిగుతుంది. ఏ.ఈ. రాసిచ్చిన నాలుగు ముక్కలు మళ్ళీ అవే మెట్లు ఎక్కుతాయి. ఒక మెట్టు దగ్గర ఒక అంకె రాలిపోతుంది, ఇంకో మెట్టు దగ్గర ఒక మాట మెత్తబడుతుంది. సభలో మంత్రిగారు చదివేది అలా మిగిలిన కాగితాన్ని. ఢిల్లీలో హోదాల పేర్లు వేరు, దారి ఇదే. అందుకని ప్రశ్న రాసేటప్పుడు మంత్రిగారి ముఖాన్ని తలచుకోకు. కింద సీట్లో కూర్చున్న మనిషిని తలచుకో. అతని దగ్గర ఏ రిజిస్టరు ఉంది, అందులో ఏ గడి ఉంది, ఆ గడిలో అంకె రాయక తప్పకుండా ఎలా అడగాలి? ఇది తెలిస్తే నీకు సగం పని వచ్చినట్టే.

మా దగ్గరికి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఎలా ఉండేదో చూడు. "(ఎ) వంశధార ఎడమ కాలువ శివారు భూములకు సాగునీరు అందడం లేదన్న మాట వాస్తవమేనా? (బి) అయితే, కారణాలేమిటి? (సి) ప్రభుత్వం తీసుకుంటున్న చర్యలేమిటి?" చూడ్డానికి ముచ్చటగా ఉంది కదా. టెక్కలి, నందిగాం, సంతబొమ్మాళి రైతుల గోడంతా అందులోనే ఉంది. మాకు మాత్రం మూడు ముక్కల్లో తేలిపోయేది. (ఎ)కి "లేదండి". (బి)కి "ప్రశ్న ఉత్పన్నం కాదు". (సి)కి కూడా అదే. ఆ సీజన్లో ఒక్క వారం శివారుదాకా నీరు పారినా "లేదండి" అనడం అబద్ధం కాదు మరి. మొదటి గడప దగ్గరే "వాస్తవమేనా" అని పెట్టి, మిగతా ప్రశ్నలన్నీ దానికి కట్టేశావంటే, ఆ ఒక్క మాటతో అన్నీ కూలిపోతాయి. ఇది ఒక్కటి గుర్తుపెట్టుకున్నా నేను ఇంత ఉత్తరం రాసినందుకు ఫలితం దక్కినట్టే.

అదే ప్రశ్న ఇలా వస్తే మా పని వేరుగా ఉండేది: ఫలానా ఖరీఫ్‌లో ఎడమ కాలువ హెడ్ రెగ్యులేటర్ (కాలువ మొదట్లో నీరు విడిచే గేట్లు) దగ్గర నెలవారీగా విడిచిన నీరు ఎంత? ఫలానా డిస్ట్రిబ్యూటరీ (పిల్ల కాలువ) ఆఖరి తూము దగ్గర గేజి రిజిస్టరులో ఏయే తేదీల్లో ఎంత నమోదైంది? గత మూడేళ్ళలో ఆ కాలువ పూడికతీతకు మంజూరైన మొత్తం, చెల్లించిన మొత్తం, పనివారీగా ఎంతెంత? ఇక్కడ "లేదండి" అనడానికి చోటే లేదు. నీటిమట్టం రాసే గేజి రిజిస్టరు ఉంటుంది, చేసిన పని కొలతలు రాసే ఎం. బుక్ ఉంటుంది, చెల్లించిన బిల్లులు ఉంటాయి. ఏ ముక్కకు ఆ ముక్క విడిగా నిలబడుతుంది. ఒకదానికి నీళ్ళు నమిలినా రెండోదానికి అంకె రాయాల్సిందే. ఆ అంకెలు బయటికొచ్చాక నీరు అందిందో లేదో రైతులే లెక్క కట్టుకుంటారు, మంత్రిగారి అభిప్రాయం అక్కర్లేదు.

రిజిస్టరు ఎవరి దగ్గరుందో వాళ్ళనే అడగాలన్నానా, దీనికి నాకు తెలిసినంతలో 2020 సెప్టెంబరును మించిన ఉదాహరణ లేదు. అప్పటి పార్లమెంటు సమావేశాల్లో కోవిడ్ కారణంగా ప్రశ్నోత్తరాల సమయం ఎత్తేశారు. రాతపూర్వక ప్రశ్నలు మాత్రం సాగాయి. లాక్‌డౌన్‌లో ఇళ్ళకు తిరిగిపోతూ ఎంతమంది వలస కార్మికులు ప్రాణాలు పోగొట్టుకున్నారని లోక్‌సభలో కార్మిక శాఖను అడిగితే, అలాంటి లెక్క ఉంచలేదని జవాబిచ్చారు. మన జిల్లాలో వలస పోని ఊరు ఎక్కడుంది చెప్పు? ఆ జవాబు చదివినప్పుడు నాకు ఒళ్ళు మండింది. అదే సమావేశాల్లో, రాజ్యసభలో, రైల్వే శాఖను శ్రామిక్ ప్రత్యేక రైళ్ళలో ప్రయాణిస్తూ ఎంతమంది చనిపోయారని అడిగితే అంకె వచ్చింది: సెప్టెంబరు 9 వరకు 97 మంది, రాష్ట్రాల పోలీసులు ఇచ్చిన సమాచారం ప్రకారం. రైల్లో మనిషి చనిపోతే పోలీసు కేసు రాయక తప్పదు. ఆ కాగితం ఉంది కాబట్టి ఆ అంకె ఉంది. అలాగని మొదటి ప్రశ్న వృథా కాలేదు. లెక్క ఉంచలేదని ప్రభుత్వం చేతే రాతపూర్వకంగా అనిపించడం చిన్న సంగతి కాదు, అది అప్పుడు దేశమంతా మాట్లాడుకున్న జవాబు.

ఇక కేంద్రానికి ఏది వెయ్యాలి, రాష్ట్రానికి ఏది వదిలేయాలి అన్నది నీకు మొదట్లో తికమక పెడుతుంది. ఉద్దానం సంగతే తీసుకో. కవిటి, సోంపేట, పలాస వైపు కిడ్నీ జబ్బు గురించి నువ్వు తప్పకుండా రాయాలనుకుంటావు, రాయాలి కూడా. "ఉద్దానంలో కిడ్నీ వ్యాధి ప్రబలిన విషయం ప్రభుత్వ దృష్టికి వచ్చిందా, తీసుకున్న చర్యలేమిటి" అని కేంద్ర ఆరోగ్య శాఖను అడిగితే జవాబు మొదటి వాక్యం నేనిప్పుడే రాసివ్వగలను: "ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్ర జాబితాలోని అంశాలు." అక్కడి నుంచి పథకాల పేర్లతో పేజీన్నర. అలా కాకుండా కేంద్రం తన చేత్తో ఇచ్చిందాన్ని అడుగు. ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమం 2016 నుంచి జాతీయ ఆరోగ్య మిషన్ కింద నడుస్తోంది. దాని కింద ఆంధ్రప్రదేశ్‌కు ఏడాదివారీగా ఆమోదించింది ఎంత, విడుదల చేసింది ఎంత, ఖర్చు చేశామని రాష్ట్రం ఇచ్చే వినియోగ పత్రాలు వచ్చింది ఎంతకు? శ్రీకాకుళం జిల్లాలో ఏ ఆసుపత్రిలో ఎన్ని యంత్రాలకు ఆ డబ్బు వెళ్ళింది? ఐ.సి.ఎం.ఆర్. (కేంద్ర వైద్య పరిశోధన మండలి) ఉద్దానం మీద చేసిన అధ్యయనాల నివేదికలు ఏ తేదీన అందాయి, వాటి ప్రతులు సభ ముందు ఉంచుతారా? పలాస ఆసుపత్రిలో డాక్టర్ల ఖాళీలు మాత్రం అమరావతిలోనే అడిగించు. అక్కడి ఎమ్మెల్యే ఆఫీసుతో నీకు మంచి మాట ఉండాలి. రెండు సభల్లో ఒకే నెలలో ఒకే విషయం మీద రెండు ప్రశ్నలు పడితే, ఒకరు పంపామన్న డబ్బూ ఇంకొకరు అందిందన్న డబ్బూ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

మన మత్స్యకారుల సంగతి ఇంకా తేలిక. గుజరాత్ బోట్ల మీద పనికి వెళ్ళిన మన ఉత్తరాంధ్ర వాళ్ళు 2018లో పాకిస్తాన్‌కు చిక్కి 2020 జనవరిలో ఇల్లు చేరారు. రెండు దేశాలూ 2008 ఒప్పందం ప్రకారం ప్రతి ఏటా జనవరి 1న, జులై 1న ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. ఎప్పుడైనా మళ్ళీ అలాంటి కష్టం వస్తే "విడిపించడానికి చర్యలేమిటి" అని మాత్రమే అడిగి ఊరుకోకు. జాబితాలో ఆంధ్రప్రదేశ్ వాళ్ళు ఎంతమంది, మన అధికారులు వాళ్ళను కలిసింది ఏ తేదీన, పౌరసత్వ నిర్ధారణ పంపింది ఏ తేదీన అని అడుగు. తేదీ అడిగిన చోట ఆలస్యం తనంతట తనే బయటపడుతుంది.

నిబంధనలు నీ దగ్గర పుస్తకంలో ఉంటాయి, నేను చెప్పక్కర్లేదు. పదిహేను రోజుల ముందు నోటీసు, ప్రశ్న నూట యాభై పదాలు దాటకూడదు, ఒక రోజు జాబితాలో ఒక సభ్యుడికి అయిదుకు మించి రావు, అందులో నక్షత్రం గుర్తుది (సభలో మంత్రి నోటితో జవాబు చెప్పేది) ఒక్కటే; గుర్తు లేనిదానికి రాతపూర్వక జవాబే. లోక్‌సభలో రోజుకు నక్షత్రం గుర్తువి 20, గుర్తు లేనివి 230. ఎవరివి ముందు అన్నది లాటరీ. కొత్తలో మీ సారు నక్షత్రం ప్రశ్నల మీద మోజుపడతారు, టీవీలో కనిపిస్తుంది కదా. ఆ 20లో నోటి జవాబు దాకా వచ్చేవి మామూలుగా నాలుగైదే. జవాబు విని అక్కడికక్కడే అనుబంధ ప్రశ్న వేసే వీలు దానికే ఉందన్నది నిజమే (బ్రిటిష్ కాలపు 1892 కౌన్సిళ్ళ చట్టంతో ప్రశ్న అడిగే హక్కు వచ్చినా అనుబంధ ప్రశ్నకు 1909 దాకా ఆగాల్సి వచ్చింది, అంత విలువైనది). కానీ జిల్లాకు పనికొచ్చే అంకెలు గుర్తు లేని ప్రశ్నల్లోనే రాబట్టాలి. జవాబుకు జతచేసిన కాగితాల్లో పేజీలకొద్దీ పట్టిక ఇస్తారు, అదే మనకు కావలసింది.

భాష విషయంలో ఒక్క మాట. "ఘోర నిర్లక్ష్యం", "అన్యాయం" లాంటి విశేషణాలు పెడితే అక్కడే కొట్టేస్తారు. వాదన, ఊహ, వ్యంగ్యం, అభిప్రాయం అడగడం, కోర్టులో ఉన్న విషయం, ఇదివరకే జవాబు వచ్చిన విషయం, ఇవన్నీ తిప్పిపంపడానికి సాకులే. మా రోజుల్లో కోపంగా రాసిన ప్రశ్న చూస్తే మాకు హాయిగా ఉండేది. కోపం తీర్చుకోవడానికి రాసిన ప్రశ్నలో అడగాల్సింది మిగలదు.

జవాబు వచ్చాక నీ పని మొదలవుతుందని చాలామంది మరిచిపోతారు. పత్రికలకు పంపి, ఫేస్‌బుక్‌లో పెట్టి వదిలేస్తారు. "పరిశీలనలో ఉంది", "సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం" అని వస్తే చిరాకుపడకు. సభలో ఆ మాటలను హామీగా లెక్కగడతారు. 1953 నుంచి లోక్‌సభకు ప్రభుత్వ హామీల కమిటీ ఉంది, మూడు నెలల్లో హామీ తీర్చాలన్నది పద్ధతి. తీర్చలేకపోతే గడువు పెంచమని మంత్రిత్వ శాఖే కమిటీని అడగాలి. నేనైతే ఒక పొడుగాటి నోటుపుస్తకం పెట్టి, ప్రతి హామీకీ తేదీ వేసి, మూడో నెల చివర ఎర్ర గీత గీసేవాణ్ని. జవాబు తేలకుండా ఉంటే అరగంట చర్చకు నోటీసు ఇవ్వొచ్చు, రాతపూర్వక జవాబు మీద కూడా. మొదటి జవాబుతో ఆగిపోని వాళ్ళ వల్లే ముంద్రా వ్యవహారం బయటపడింది. 1957లో జీవిత బీమా సంస్థ హరిదాస్ ముంద్రా అనే వ్యాపారి కంపెనీల్లో పెట్టిన పెట్టుబడుల గురించి లోక్‌సభలో వేసిన ప్రశ్నలతో కదిలి, సభ్యుడు ఫిరోజ్ గాంధీ వదలకుండా పట్టుకోవడంతో జస్టిస్ చాగ్లా విచారణ దాకా వెళ్ళి, 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు.

పాత జవాబులు పక్కపక్కన పెట్టి చదవడం కూడా అలవాటు చేసుకో. రణస్థలం మండలం కొవ్వాడ అణువిద్యుత్ కేంద్రం మీద ఎన్ని సమావేశాల్లో ఎన్ని ప్రశ్నలు పడ్డాయో వెతుకు. ఒక్కొక్కటి 1208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు అన్న అంకె మారదు. దాని చుట్టూ ఉన్న వాక్యాలు మాత్రం ఏడాదికేడాది కొద్దికొద్దిగా కదులుతుంటాయి. ఏ వాక్యం తప్పుకుందో, ఏది కొత్తగా చేరిందో చూస్తే తర్వాత ఏం అడగాలో నీకే తోస్తుంది. అన్నట్టు కొవ్వాడ ఉన్నది శ్రీకాకుళం జిల్లాలో, ఎచ్చెర్ల నియోజకవర్గం కాబట్టి లోక్‌సభకు వచ్చేసరికి విజయనగరం కిందికి వస్తుంది. శ్రీకాకుళం ఎంపీ 2024 జూన్ నుంచి కేంద్ర మంత్రి, మంత్రులు ప్రశ్నలు వేయరు. మన జిల్లా ప్రశ్నలు ఇప్పుడు పక్క నియోజకవర్గాల వాళ్ళే వెయ్యాలి. మీ సారుది ఏ జిల్లా అయినా నిబంధన అడ్డురాదు, ఆయన్ని ఒప్పించడమే నీ పని.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. నీ దగ్గరికి తయారుగా రాసిన ప్రశ్నలు పట్టుకుని మనుషులు వస్తారు. బిల్లు ఆగిన కాంట్రాక్టరు వస్తాడు, టెండరు పోయినవాడు వస్తాడు, ఫలానా ఆఫీసరు మీద కసి ఉన్నవాడు వస్తాడు. వాళ్ళు చెప్పేది నిజం కూడా కావచ్చు. అయినా ప్రశ్న నువ్వే, నీ మాటల్లో, నీకు దొరికిన కాగితాల మీద రాయి. ఎవరి దగ్గరా కాఫీ కూడా వద్దు. ప్రశ్నలకు డబ్బు తీసుకున్నారని 2005 డిసెంబరులో పదకొండుమంది సభ్యుల్ని పార్లమెంటు బయటికి పంపింది. 2023 డిసెంబరులో లాగిన్ వివరాలు బయటివాళ్ళకిచ్చిన వ్యవహారంలో ఒక సభ్యురాలి సభ్యత్వం పోయింది. నోటీసులు వెళ్ళే పోర్టల్ పాస్‌వర్డ్ నీ చేతికివ్వడానికి మీ సారు సిద్ధపడితే, వద్దని నువ్వే చెప్పు. డ్రాఫ్టు నువ్వు రాయి, పంపే బొత్తాం ఆయన్నే నొక్కమను.

వచ్చే సమావేశాలకు మొదటి డ్రాఫ్టులు తయారయ్యాక నాకు వాట్సాప్‌లో పంపు. నీటిపారుదల, రోడ్లు, రెవెన్యూ అయితే ఏ రిజిస్టరు ఎవరి బీరువాలో ఉంటుందో చెప్పగలను. రైల్వేకి మాత్రం ఆమదాలవలసలో రిటైరైన స్నేహితుడున్నాడు, అతన్ని అడిగి చెబుతాను. ఒక్కో ప్రశ్న కింద, దీనికి కింది సీట్లో వాడు ఎలా తప్పించుకుంటాడో నీకు తోచింది ఒక వాక్యం రాసి పంపు. అది లేకుండా పంపితే చదవను.

మీ అత్తయ్య నీకు ఆవకాయ పంపుతానంటోంది. అడ్రసు పిన్‌కోడ్‌తో సహా పెట్టు.

మీ మామయ్య