కారం పక్కన ఏ బీరు? మేనల్లుడికి ఉత్తరం

చి. వంశీకి,

మామయ్య ఆశీస్సులు. ఆఫీసువాళ్లనీ మనవాళ్లనీ కలిపి శనివారం భోజనానికి పిలిచాను, ఏ బీర్లు తేవాలి, వంటలో కూడా పోయొచ్చా అని అడిగావు కదా. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

షాపులో గోడంత ఫ్రిజ్ ముందు నిలబడి, డబ్బా మీద బొమ్మ బాగుందని కొనే రకం నువ్వు. బొమ్మ వదిలేసి రెండు చూడు: చేదెంత, ఆల్కహాల్ ఎంత శాతం. మన భోజనానికైతే ఆ రెండూ తక్కువున్నదే కొను. మిరపకాయ మంటని ఆల్కహాల్ పెంచుతుంది, గ్యాస్ ఇంకాస్త గుచ్చుతుంది, బీరుకి చేదు కోసం వేసే హాప్స్ పువ్వుల చేదు ఆ మంటని నాలుక మీదే నిలబెడుతుంది. మాల్ట్‌లో, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీలో ఉండే తీపి ఒక్కటే దాన్ని చల్లారుస్తుంది. కొన్ని డబ్బాల మీద ఐబీయూ అని ఒక అంకె వేస్తారు, అది చేదు కొలత. గోధుమతో చేసే వీట్ బీరుకి 10 నుంచి 20 ఉంటుంది, హాప్స్ దండిగా వేసే వెస్ట్ కోస్ట్ ఐపీఏకి 50, 60, 70 కూడా ఉంటుంది.

నువ్వున్న సియాటిల్ నుంచి కొండలు దాటితే యాకిమా లోయ. అమెరికాలో పండే హాప్స్‌లో దాదాపు ముప్పాతిక భాగం అక్కడిదే. మా ఓరెగాన్ కూడా తక్కువదేం కాదు. ఇక్కడి పేల్ ఏల్ అనే రకం బీర్లకి పంపరపనస తొక్క లాంటి వాసన తెచ్చిపెట్టిన కాస్కేడ్ హాప్స్ 1972లో మా కార్వాలిస్ నుంచే బయటికొచ్చింది. అందుకే ఈ వైపు ఏ బార్‌కి వెళ్లినా ముందు ఐపీఏ పేరే చెబుతారు. మంచి బీరే, నేనూ తాగుతాను. కానీ గోంగూర మటన్ పక్కన పెడితే కూరా పాడవుతుంది, బీరూ పాడవుతుంది. మసకగా కనిపించే హేజీ ఐపీఏలో చేదుండదు కదా, మామిడిపండు వాసన కూడా వస్తుంది కదా అంటావు. చేదు తగ్గిన మాట నిజమే, ఆల్కహాల్ మాత్రం ఆరో ఏడో శాతం అలాగే ఉంటుంది. దాన్ని జంతికలకీ, చీజ్‌కీ, ఉప్పు మాత్రమే వేసిన జీడిపప్పుకీ ఉంచు.

బిర్యానీకి నా ఓటు జర్మన్ పద్ధతి గోధుమ బీరు హెఫెవైజెన్‌కే. అందులో అరటిపండు వాసన, లవంగం వాసన వస్తాయి. లోపల అరటిపండూ ఉండదు, లవంగమూ ఉండదు, అదంతా ఆ ఈస్ట్ చేసే పని. బిర్యానీలో మన లవంగం, బీరులో దాని లవంగం కలిసి చక్కగా కుదురుతాయి, చేదు దాదాపు లేనే లేదు. కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త. మా పోర్ట్‌లాండ్‌లో విడ్మర్ బ్రదర్స్ బ్రూవరీ 1986లో తెచ్చిన హెఫెవైజెన్ కూడా మబ్బుగానే ఉంటుంది, నిమ్మచెక్క పెట్టి ఇస్తారు, కానీ ఈస్ట్ వేరు. ఆ లవంగం అందులో దొరకదు. పకోడీలకి అది బాగుంటుంది. బిర్యానీకి మాత్రం బవేరియా నుంచి వచ్చిందైనా, ఆ పద్ధతిలో చేశామని డబ్బా మీద రాసిందైనా తీసుకో.

చేపల పులుసు చేస్తానన్నావు. పులుపూ కారమూ కలిసిన వంటకి బీరు కుదర్చడం కష్టమని చాలామంది వైన్ వైపు పోతారు. అక్కర్లేదు, బెల్జియం విట్‌బీర్ తెచ్చుకో. అందులో ధనియాలు, నారింజ తొక్క వేస్తారు, పైగా గోధుమ. మన పులుసుకి దగ్గర చుట్టంలా ఉంటుంది. హూగార్డెన్ అనే ఊళ్లో 1950ల్లో చివరి బ్రూవరీ మూతపడి ఈ బీరే లేకుండా పోతే, చిన్నప్పుడు దాని పక్కింట్లో పెరిగిన పియేర్ సెలిస్ అనే పాలవ్యాపారి 1966లో మళ్లీ మొదలుపెట్టాడు. ఆయన పుణ్యమే ఇప్పుడు మనం తాగుతున్నది. గోజె లాంటి పుల్ల బీరు కూడా పులుసుతో పెట్టొచ్చు. చింతపండు ముందు దాని పులుపు తగ్గినట్టు అనిపిస్తుంది. కానీ మొదటిసారి తాగేవాళ్లు మొహం చిట్లిస్తారు, ఈ శనివారానికి వద్దు.

బజ్జీలకి పిల్స్నర్ అనే లేత రంగు లాగర్ బీరు చాలు, నూనె జిడ్డుని గ్యాస్ కడిగేస్తుంది. మిరియాల మటన్ వేపుడుకి పోర్టర్ అనే ముదురు రంగు బీరు. ధనియాలూ కొబ్బరీ ఎర్రగా వేయించినప్పుడు వచ్చే రుచి, ముదురుగా వేయించిన మాల్ట్ రుచి ఒక కోవలోవే. 1988లో బెండ్‌లో మొదలైన డెషూట్స్ బ్రూవరీ వాళ్ల బ్లాక్ బ్యూట్ పోర్టర్ మీ వైపూ దొరుకుతుంది. స్వీట్ల జోలికి పోకు. గులాబ్‌జామ్ తిన్న నోటికి ఏ బీరైనా చేదుగానే తగులుతుంది. పెరుగన్నం వచ్చేసరికి గ్లాసులు తీసేయ్.

ఇక వంట. ఐపీఏ గిన్నెలో పోయకు, ఎవరు ఏ వీడియోలో పోసినా సరే. మరిగేకొద్దీ నీళ్లు పోతాయి, చేదు పోదు. చివరికి చిక్కటి చేదు గ్రేవీ మిగులుతుంది, బెల్లం వేసినా దాని నోరు మూయలేవు. పొయ్యి మీద ఎక్కువసేపు ఉండే కూరకి బ్రౌన్ ఏల్ గానీ పోర్టర్ గానీ వాడు. బెల్జియంలోని ఫ్లాండర్స్‌లో గొడ్డుమాంసాన్ని ఉల్లిపాయలతో, ముదురు బీరుతో గంటల తరబడి ఉడికించి, పైన ఆవ ముద్ద పూసిన బ్రెడ్ ముక్కలు పరుస్తారు. ఆ బ్రెడ్ కరిగి పులుసు చిక్కబడుతుంది. మనం మేక మాంసంతో చేసుకుందాం. కిలో మాంసానికి నాలుగు పెద్ద ఉల్లిపాయలు సన్నగా కోసి, చిన్న మంట మీద బాగా ఎర్రబడేదాకా వేయించు. ఇక్కడ తొందరపడితే కూర మొత్తం చప్పగా వస్తుంది. అల్లం వెల్లుల్లి, మాంసం వేసి రంగు మారాక ఒక డబ్బా బీరు పొయ్యి, అంటే 355 మిల్లీలీటర్లు. నురగ పొంగుతుంది, పెద్ద గిన్నె పెట్టుకో. పది నిమిషాలు మూత లేకుండా మరగనిచ్చి, తర్వాత సన్న సెగ మీద రెండు గంటలు ఉంచు. కారం మామూలుగా వేసేదాంట్లో సగం వెయ్యి. దించేముందు చెంచా ఆవపిండి, చిన్న బెల్లం ముక్క, కాస్త చింతపండు రసం. మీ అత్త కరివేపాకు కూడా వేస్తుంది, నాకైతే అది లేకపోయినా పర్లేదు.

బజ్జీ పిండిలో నీళ్లకి బదులు బాగా చల్లటి లాగర్ కలుపు, వంటసోడా అక్కర్లేదు. గ్యాస్ పిండిని గుల్లగా చేస్తుంది, ఆల్కహాల్ నీళ్లకన్నా త్వరగా ఆవిరై పొర కరకరలాడుతుంది. నూనె కాగాకే కలుపు. ముందే కలిపి పెడితే గ్యాస్ అంతా పోతుంది. చేప ముక్కలకైతే కప్పు మైదా, పావు కప్పు బియ్యప్పిండి, కప్పు బీరు. గిలక్కొట్టకు, ఉండలున్నా ఫర్వాలేదు.

వంటకైనా సరే పాత బీరు వద్దు. డబ్బా అడుగున తేదీ చూడు. ఆకుపచ్చ సీసాల్లో వెలుగు తగిలి హాప్స్ చెడి ఒకలాంటి కంపు వస్తుంది, అందుకే డబ్బాలు మేలు. పిల్స్నర్ ఫ్రిజ్‌లోంచి తీసి అలాగే పొయ్యి, పోర్టర్‌ని మాత్రం ఇరవై నిమిషాలు ముందు బయట పెట్టు, మరీ చల్లగా ఉంటే రుచే తెలియదు.

ఉడికితే ఆల్కహాల్ అంతా పోతుందని ఎవరైనా అంటే నమ్మకు. అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక ప్రకారం అరగంట ఉడికినా 35 శాతం మిగులుతుంది, రెండున్నర గంటలకి కూడా 5 శాతం ఉంటుంది. కాబట్టి ముట్టనివాళ్లకీ, గర్భిణులకీ, పిల్లలకీ వేరే గిన్నెలో వండు, ఏ గిన్నెలో ఏముందో వడ్డించేముందే చెప్పు. బార్లీ, గోధుమ పడనివాళ్లు ఉన్నారేమో కూడా అడుగు. మీ అమ్మ వచ్చినప్పుడు గరిటెలు కూడా వేరే పెట్టాలి, ఆ సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు.

ఎవరు డ్రైవ్ చేసి వెళ్తారో తలుపు దగ్గరే అడుగు. మీ దగ్గరా మా దగ్గరా రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతానికి చేరితే కేసు, ఆ లోపైనా తాగినట్టు కనిపిస్తే వదలరు. ఆల్కహాల్ లేని క్రాఫ్ట్ బీర్లు ఇప్పుడు బాగానే చేస్తున్నారు, అర శాతం లోపు ఉంటుంది. రెండు ప్యాకులు అవి కూడా తెచ్చిపెట్టు, మిగిలితే ఆదివారం బజ్జీ పిండిలోకి పనికొస్తాయి.

ఇట్లు,
మామయ్య
బీవర్టన్